గూడ జారకుండా, కీలు తొలగకుండా



విత్తనాల గురించీ ఎరువుల గురించీ చెప్పవలసినవాడు ఈ రోజు కీళ్ల సంగతి ఎత్తుకొన్నాడేమని మీకు అనిపించవచ్చును. నేను వైద్యుణ్ని కాను. వ్యవసాయ డిప్లొమా చదివి, విస్తరణాధికారిగా చేవెళ్ల, మొయినాబాదు మండలాల ఊళ్లు తిరిగేవాణ్ని. తిరిగినకొద్దీ ఒక సంగతి నాకు తేటపడింది. టమాట కోతకు వచ్చి, తెల్లవారుజామున హైదరాబాదు మార్కెటుకు బండి పోవలసిన వేళ, ఇంటి పెద్దకొడుకు చేయి మెడకు వేలాడేసికొని మంచంమీద కూర్చుంటే, ఆ ఇంటికి నేను చెప్పే మందులేవీ పనికిరావు. గూడ ఒకసారి జారిందంటే నెలల తరబడి బరువు ఎత్తరాదు. కూలికి పోయే మనిషికైతే ఆ నెలలన్నీ అప్పులే. పైగా ఒకసారి జారిన గూడ రెండోసారి జారడానికి సిద్ధంగా ఉంటుంది. కాబట్టి, జారిన తరువాత ఏం చేయాలన్నదానికన్న, జారకుండా ఏం చేయాలన్నది ముందు తెలిసికోవాలె.

కీలు తొలగడమంటే ఏమిటి? రెండు బొక్కల కొనలు ఒకదానిలో ఒకటి అమరి ఉండే చోటును కీలంటాం. నారపట్టీల వంటి బంధాలు వాటిని చుట్టూ పట్టి ఉంచుతాయి. బలమైన లాగుడుకో, దెబ్బకో ఆ పట్టీలు సాగి, చిరిగి, బొక్క తన గూటిలోనుంచి బయటికి వస్తే కీలు తొలగిందన్నమాట. బెణుకులో పట్టీ మాత్రమే దెబ్బ తింటుంది. బొక్క తన చోటనే ఉంటుంది. అన్ని కీళ్లూ ఒక్క తీరుగా గట్టివి కావు. తుంటి కీలు రోట్లో రోకలి మాదిరి. లోతుగా దిగి ఉంటుంది, పెద్ద దెబ్బ తగిలితే తప్ప ఊడదు. భుజం అట్లా కాదు. చిన్న మూకుటిలో పెట్టిన పెద్ద నిమ్మకాయ అనుకోండి. గుంట లోతు తక్కువ, బంతి పెద్దది. అందుకే చేయి నలుదిక్కులా తిరుగుతుంది. అందుకే పెద్దవాళ్లలో అన్ని పెద్ద కీళ్లకన్న ఎక్కువగా జారేది ఇదే.

ముందు పిల్లల సంగతి చెప్పుకొందాం. ఏడాది దాటి అయిదేళ్లలోపు పిల్లలలో తరచుగా తొలగేది మోచేయి. ఇది ఎక్కువగా పడితే వచ్చేది కాదు, లాగితే వచ్చేది. లాగేది కూడా పగవాడు కాదు. తల్లి, తండ్రి, అక్క, తాత. ముంజేతిలో రెండు బొక్కలున్నవి గదా. అందులో బొటనవేలి వైపు బొక్క తలను మోచేతి దగ్గర ఒక పట్టీ ఉంగరంలాగ చుట్టి ఉంటుంది. ఈ వయసులో ఆ పట్టీ ఇంకా గట్టిపడి ఉండదు. చేయి బారచాచి ఉన్నప్పుడు ఒక్క గుంజు గుంజితే అది జారి కీలు సందులో ఇరుక్కొంటుంది.

ఎప్పుడెప్పుడు గుంజుతాం మనం? నెత్తిమీద గంప, చంకన సద్దిమూట పెట్టుకొన్న అక్క కాలువ దాటేటప్పుడు వెనక వచ్చే పిల్లవాణ్ని ఒక్క చేత్తో పైకి లేపుతుంది. ఆటో కదలబోతుంటే చేయి పట్టి లోపలికి ఈడుస్తాం. బడికి పోనని నేలమీద పడి దొర్లేవాణ్ని ముంజేయి పట్టి లేపుతాం. ఇరుకు అంగీ చేతిలోనుంచి చేయి బయటికి లాగుతాం. చిలుకూరు బాలాజీ గుడిలో చూడండి. మొక్కుకొనేటప్పుడు 11 ప్రదక్షిణలు, కోరిక తీరితే 108. పెద్దవాళ్లకు లెక్క తప్పుతుందేమోనన్న తొందర. చేయి పట్టుకొన్న మూడేళ్ల పిల్లకు కాళ్లు అరిగిపోయి ఉంటాయి. అది కూలబడుతుంది, వీళ్లు లాగుతారు. భక్తికి నేను అడ్డం చెప్పను గాని, పిల్లను ఎత్తుకొనో, ఎవరి దగ్గరనైనా కూర్చోబెట్టియో తిరగండి. ఇక ఇద్దరు పెద్దవాళ్లు చెరొక చేయీ పట్టుకొని పిల్లవాణ్ని గాలిలో ఊయలూపడం ఒకటున్నది. వాడు కిలకిల నవ్వుతాడు నిజమే. ఆ ఆట మానండి.

మోచేయి జారిన పిల్ల ఎట్లా ఉంటుంది? మొదట ఏడ్చి తరువాత ఊరుకొంటుంది, కాని ఆ చేయి వాడదు. కొద్దిగా వంచి, అరచేయి లోపలి వైపుకు తిప్పి, ఒంటికి ఆనించి పెట్టుకొంటుంది. వాపు ఉండదు, కమలదు. బిస్కెటు ఇస్తే రెండో చేత్తో అందుకొంటుంది. తల్లులు దీన్ని చూసి 'చేయి పడిపోయింది' అని గుండెలు బాదుకొంటారు. భయపడవలసింది లేదు. తెలిసిన డాక్టరు ముంజేతిని ఒక తీరుగా తిప్పి మడిచేసరికి అది తన చోటికి వస్తుంది. కొద్దిసేపటిలోనే పిల్ల ఆ చేత్తోనే ఆడుకొంటుంది. అయితే కొన్నాళ్ల వరకు మళ్లీ జారే గుణం ఉంటుంది. కనుక ఎత్తేటప్పుడు రెండు చంకల కింద చేతులు పెట్టి ఎత్తండి. చేయి పట్టి నడిపించవలసి వస్తే మీరే కొంచెం వంగి, దాని అడుగుకు తగ్గ అడుగు వేయండి.

చంటిపిల్లలలో మరొక సంగతి ఉన్నది, అది తుంటి కీలుది. కొందరికి పుట్టుకతోనే ఆ గుంట లోతు చాలదు. ఆడపిల్లలకు, కాళ్లముందుగా ఎదురు తిరిగి ఉన్న పిల్లలకు, ఇంటి వంశంలో ఇదివరకే ఉన్నవాళ్లకు ఎక్కువ. అటువంటి పిల్ల కాళ్లను చాపి, దగ్గరికి చేర్చి, గుడ్డలో బిగుతుగా మూటగడితే బాగుపడవలసిన కీలు పక్కకు తొలగుతుంది. జపాను దేశంలో ఇటువంటి అలవాటు ఉండేది. 1975 ప్రాంతంలో అక్కడ దేశమంతటా తల్లులకూ అమ్మమ్మలకూ పసిపిల్లల కాళ్లు చాపి కట్టవద్దని ప్రచారం చేశారు. ఆ తరువాత తుంటి తొలగిన పిల్లల సంఖ్య అనేక రెట్లు తగ్గిపోయింది. ఖర్చు లేని మందు! మన దగ్గర బిడ్డను చంకనెత్తుకొనే పద్ధతి ఉన్నది చూడండి, నడుముకు అటొక కాలు ఇటొక కాలు వేసి. తుంటి కీలుకు అంతకన్న మంచి ఆసనం లేదు. తల నిలిపిన పిల్లను అట్లా ఎత్తుకొన్నందుకు ఎవరైనా పట్నపు చుట్టాలు నవ్వితే నవ్వనివ్వండి. చలికి గుడ్డ చుట్టవలసి వస్తే చేతుల దగ్గర చుట్టండి, కాళ్లు కప్పమాదిరి మడుచుకొని కదిలేటందుకు జాగా వదలండి.

స్నానం పోసే అవ్వలకు కూడా ఒక మాట. నూనె రాయండి, మెల్లగా రుద్దండి, బిడ్డకు హాయి. కాని ఆ చేయి ఈ కాలికి, ఈ చేయి ఆ కాలికి తగిలేటట్టు ఈడ్చి సాగదీయడం, కాళ్లు పట్టి తలకిందులుగా వేలాడదీయడం మాత్రం వద్దు. అట్లా చేస్తే బొక్కలు గట్టిపడతాయన్న మాటకు ఆధారం లేదు. తొడమీద మడతలు రెండు వైపులా ఒక్క తీరుగా లేకపోయినా, ఒక కాలు పొట్టిగా కనబడినా, గుడ్డ మార్చేటప్పుడు ఒక తొడ తక్కువగా తెరుచుకొన్నా ఆశా కార్యకర్తకు చెప్పి పిల్లల డాక్టరుకు చూపించండి. మొదటి నెలలలో తెలిస్తే పట్టీలతో సరిపోతుంది. కుంటుతూ నడక వచ్చినాక తెలిస్తే ఆపరేషను దాకా పోతుంది.

కొంచెం పెద్ద పిల్లలు, అంటే చింతచెట్టెక్కేవాళ్లు, సంక్రాంతికి మిద్దెమీద గాలిపటాలెగరేసేవాళ్లు పడినప్పుడు మోచేయి వంకరపోతే, అది చాలాసార్లు కీలు తొలగడం కాదు, కీలు పక్కన బొక్క విరగడం. ఈ వయసులో బొక్క పెరిగే చోటు పట్టీలకన్న మెత్తగా ఉంటుంది. పైకి చూస్తే రెండూ ఒకటే మాదిరి. ఎక్స్‌రే లేనిదే పెద్ద డాక్టరు కూడా చెప్పలేడు. అటువంటి చేతిని లాగితే విరిగిన బొక్క మొన రక్తనాళంలో దిగుతుంది.

ఇప్పుడు పెద్దవాళ్ల సంగతికి వద్దాం. గూడ ఏ భంగిమలో బలహీనమో తెలిసికొంటే సగం జాగ్రత్త తీసికొన్నట్టే. చేయి భుజం ఎత్తుకు లేచి, పక్కకు చాచి, వెనక్కు తిరిగి ఉన్నప్పుడు, అంటే రాయి విసరబోయేవాడి చేయి మాదిరి ఉన్నప్పుడు, బంతి ముందు వైపుకు జారడానికి వీలుగా ఉంటుంది. మన పొలం పనులలో ఈ భంగిమ ఎక్కడెక్కడ వస్తుందో లెక్కపెట్టండి.

మందు కొట్టే పంపు సంగతి మొదట చెపుతాను, ఎందుకంటే అది నా శాఖ పని. 16 లీటర్ల పంపు నింపితే పంపు బరువుతో కలిసి 20 కిలోలు పైనే అవుతుంది. తైవాన్ పంపు అయితే ఇంకా బరువు. మనవాళ్లు దాన్ని ఒక పట్టీకి చేయి దూర్చి, ఒక్క ఊపున వీపుమీదికి విసురుకొంటారు. ఇంకొక చేయి వెనక్కు పోయి రెండో పట్టీని వెదుకుతూ ఉంటుంది. సరిగ్గా ఆ చేయి పైన చెప్పిన భంగిమలోనే ఉంటుంది! పంపును ఎత్తయిన గట్టుమీదనో, ట్రాలీ అంచుమీదనో పెట్టి, వీపు ఆనించి, రెండు పట్టీలలో చేతులు దూర్చి, అప్పుడు లేవండి. గట్టు లేకుంటే ఇంకొక మనిషి వెనకనుంచి ఎత్తి పట్టాలె. నాతోటి విస్తరణ సిబ్బందికి మనవి: రైతు వేదికలో మందు మోతాదు చూపించే రోజున పంపు తగిలించుకొనే విధానం కూడా రెండు నిమిషాలు చూపించండి.

తరువాత లోడు ఎత్తడం. నిండిన టమాట బాక్సు దాదాపు 25 కిలోలు, యూరియా బస్తా 45 కిలోలు, డి.ఏ.పి. బస్తా 50 కిలోలు. కింద ఒకడు, ట్రాలీమీద ఒకడు. కిందివాడు నెత్తి ఎత్తుకు ఎత్తి అందిస్తాడు. మూడు వరుసలు పేర్చినాక నాలుగో వరుస ఎత్తేటప్పుడే ప్రమాదం. కిందివాడు ఎదురొమ్ము ఎత్తు దాటి ఎత్తకుండా ఒక బల్లనో, బోర్లించిన ఖాళీ బాక్సులనో కాదు, కదలని గట్టి అరుగునో వాడుకోవాలె. బోర్లించిన బాక్సు జారి పడేసే బాక్సు. ఇంకొక మాట: చేతిలోనుంచి జారుతున్న బాక్సును ఒంటిచేత్తో పట్టుకోబోవద్దు. పోనీయండి. ధర లేనినాడు మనమే రోడ్డుమీద పారబోసే టమాటల కోసం గూడ పోగొట్టుకోవడమా!

లోడు అయినాక ట్రాలీ దిగడం మరొక ఆపద. ఒక చేత్తో పైకమ్మీ పట్టుకొని దూకుతారు. కాలు జారిందా, ఒంటి బరువంతా ఆ ఒక్క గూడకు వేలాడుతుంది. ముఖం ట్రాలీ వైపు పెట్టి, రెండు చేతులా పట్టుకొని, చక్రంమీద కాలాని దిగవలె. వానలో, మంచులో కమ్మీ తడిసి ఉన్నప్పుడు మరీను.

గుంటుక తోలే ఎడ్లున్నవాళ్లు పగ్గాన్ని మణికట్టుకు చుట్టుకోవద్దు. బర్రె పలుపును బొటనవేలికి మెలిపెట్టుకోవద్దు. కుక్క మొరిగితే, లారీ హారను కొడితే పసరం ఒక్క ఉరుకు ఉరుకుతుంది. వేలు కీలు ముందు, గూడ తరువాత. పట్టు విడిచిపెట్టడానికి వీలుగా తాడును అరచేతిలో మడత పెట్టి పట్టుకోవాలె. గడ్డి కోసే మిషను దగ్గర కొంగు, చున్నీ, వదులు అంగీ చేయి వద్దు. గుడ్డ చిక్కితే మిషను చేతినే లాగుతుంది, అప్పుడు కీలు తొలగడంతో ఆగదు.

తాళ్లెక్కే గౌడ సోదరుల సంగతి వేరుగా చెప్పాలె. మోకు జారినప్పుడు వాళ్లు చెట్టును కావలించుకొనో, మట్టను ఒంటిచేత్తో పట్టుకొనో వేలాడుతారు. ప్రాణం దక్కినా గూడ దక్కదు. 2024 జూలైలో మన రంగారెడ్డి జిల్లాలోనే, అబ్దుల్లాపూర్‌మెట్ మండలం లష్కర్‌గూడలో, కాటమయ్య రక్షణ కిట్లను ప్రభుత్వం ఇవ్వడం మొదలుపెట్టింది. కిట్టు అందినవాళ్లు దాన్ని అటకమీద పెట్టి పాత మోకుతోనే ఎక్కితే లాభమేమిటి? మొదట నాలుగు రోజులు చేతికి అడ్డంగా తోస్తుంది, అలవాటు చేసికోవాలె.

కరెంటు సంగతి చాలామందికి తెలియదు. బోరు స్టార్టరు దగ్గర షాకు కొట్టినప్పుడు ఒంట్లోని కండలన్నీ ఒక్కసారిగా బిగుసుకొంటాయి. ఆ బిగువుకే గూడ వెనక వైపుకు జారిపోవచ్చును, కింద పడకున్నా సరే. మూర్ఛ వచ్చినవాళ్లలో కూడా ఇదే జరుగుతుంది. ముందుకు జారిన గూడ వంకరగా కంటికి కనబడుతుంది; వెనక్కు జారినది పైకి కనబడదు. షాకు నొప్పులేనని ఊరుకొంటారు. గుర్తు ఏమంటే, చేయి బయటి వైపుకు తిరగదు, అరచేయి ఆకాశం చూసేటట్టు చాపలేరు. అటువంటప్పుడు డాక్టరుతో 'షాకు కొట్టింది' అని గాని, 'ఫిట్సు వచ్చింది' అని గాని తప్పక చెప్పాలె. అది చెప్పకపోతే సాదా ఎక్స్‌రేలో కూడా దొరకకపోవచ్చును. స్టార్టరు డబ్బాకు ఎర్తింగు చేయించండి, తడి చేత్తో ముట్టవద్దు. ఇది ఎన్నిసార్లు చెప్పినా ఎక్కువ కాదు.

తుంటి కీలు రోట్లో రోకలి అన్నాను. దాన్ని కూడా ఊడగొట్టేది మన మర్రిచెట్ల బీజాపూరు రోడ్డు వంటి రోడ్లమీది ప్రమాదం. బండి ముందు సీట్లో కూర్చొన్నవాడి మోకాలు డ్యాష్‌బోర్డుకు గుద్దుకొంటే తొడబొక్క వెనక్కు తోసుకొనిపోతుంది. సీటుబెల్టు పెట్టుకోండి, ముందు సీట్లో కాళ్లు డ్యాష్‌బోర్డుమీద పెట్టవద్దు. తుంటి తొలగినవాణ్ని గంటలలోనే కూర్చోబెట్టించాలె, అంటే కీలును తిరిగి దాని గుంటలో కూర్చోబెట్టించాలె. ఆలస్యమైతే బంతికి రక్తం అందక అది మెల్లగా పాడైపోతుంది.

ఇక మీరు అడగబోయే ప్రశ్న నాకు తెలుసు. 'మా ఊళ్లో కట్టు కట్టే పెద్దాయన ఉన్నాడు గదా, చంకలో మడమ పెట్టి ఒక్క లాగు లాగితే కూర్చుంటుంది గదా' అని. చిత్తూరు వైపు పుత్తూరు కట్టుకు ఎంత పేరున్నదో మీకూ తెలుసు. ఆ పేరుతో హైదరాబాదులో కూడా బోర్డులు కనబడుతాయి. నేను ఎవరినీ చిన్నబుచ్చడం లేదు. చంకలో మడమ పెట్టి లాగే పద్ధతి 2,400 ఏళ్ల కిందటి గ్రీకు వైద్యుడు హిప్పోక్రటీసు పేరుమీద ఉన్నది, అంత పాతది. కాని ఇప్పుడు డాక్టర్లు దాన్ని దాదాపు మానుకొన్నారు. చంకలోనుంచే చేతికి పోయే నరాలూ రక్తనాళమూ ఉన్నవి. మడమ ఒత్తిడికి అవి నలుగుతాయి. పైగా గూడ జారడంతో పాటు బొక్క చిట్లి ఉంటే లాగుడుతో అది రెండు ముక్కలవుతుంది. ఎక్స్‌రే తీసి, నొప్పి తెలియకుండా మందిచ్చి, కండలు సడలినాక మెల్లగా కూర్చోబెట్టడం ఇప్పటి పద్ధతి. నా అభిప్రాయం అడిగితే, లాగడంవల్ల వచ్చిన కష్టాన్ని మళ్లీ లాగి తీర్చుకోబోవద్దంటాను.

దవాఖాన చేరేదాకా మీరు చేయగలిగింది తక్కువే, కాని ఆ తక్కువే ముఖ్యం. చేయి ఏ స్థితిలో ఉన్నదో ఆ స్థితిలోనే తువ్వాలతోనో, పంచె ముక్కతోనో మెడకు ఊతం ఇవ్వండి. నూనె, జండూబాము, మర్దన ఏదీ వద్దు. కూల్‌డ్రింకు దుకాణంలో ఐసు దొరికితే గుడ్డలో చుట్టి పావుగంట పెట్టండి. గాజులు, ఉంగరాలు వాపు రాకముందే తీసేయండి. వేళ్లు చల్లబడినా, తెల్లబడినా, తిమ్మిరెక్కినా గడియ కూడా ఆగవద్దు. చాయ, అన్నం, నీళ్లు పెట్టవద్దు. మత్తు ఇవ్వవలసి రావచ్చును, కడుపు నిండి ఉంటే డాక్టరు గంటల తరబడి ఆగవలసి వస్తుంది. మనవాళ్లకు ఇదే కష్టం, దెబ్బ తగిలినవాడికి ముందు సోడా తాగించనిదే మనసొప్పదు. 108కి ఫోను చేసి, ఎక్స్‌రే ఉన్న దవాఖానకు తీసికొనిపొండి. కీలు బయట ఉన్నకొద్దీ కండలు బిగుసుకొని కూర్చోబెట్టడం కష్టమవుతుంది.

కూర్చోబెట్టిన తరువాత నొప్పి ఒక్కసారిగా తగ్గుతుంది. అక్కడే మోసపోతారు. నొప్పి పోయింది గదా అని వారానికే పారపట్టే యువకులున్నారు. చిరిగిన పట్టీ అతకడానికి వ్యవధి కావాలె. డాక్టరు చెప్పినన్నాళ్లు చేయి ఊతంలోనే ఉంచి, తరువాత వాళ్లు చూపించిన వ్యాయామాలు రోజూ చేయాలె. గూడ చుట్టూ ఉన్న కండలే ఇకమీదట దానికి కావలి. బస్తాలు, పంపు, కబడ్డీ దాదాపు మూడు నెలలదాకా వద్దు. ఇరవై ఏళ్లలోపు గూడ జారినవాళ్లలో సగానికి పైగా మందికి అది మళ్లీ జారుతుంది. నిద్రలో పక్కకు తిరిగినా జారే దశకు వస్తే ఆపరేషను అవసరమవుతుంది. ఉస్మానియా, గాంధీ, నిమ్స్ దవాఖానలలో ఎముకల విభాగాలున్నవి. నలభై దాటినవాళ్లకు మళ్లీ జారే భయం తక్కువ, కాని గూడను లేపే కండరం చిరిగి ఉండవచ్చు. కీలు కూర్చొన్న రెండు మూడు వారాలకు కూడా చేయి పైకి లేవకపోతే మళ్లీ పోయి చూపించుకోవాలె. ఆ సమయంలో ఇంట్లో పంపు తగిలించుకోవలసిన పని పడితే, పక్క పొలం మనిషిని బదులు పనికి పిలిచి, చేయి బాగైనాక మీరు వారికి పోయి తీర్చండి.